ముల్కీలెవరు, గైర్ ముల్కీలెవరు?

2008 ఫిబ్రవరి 13న ఆస్ట్రేలియా ప్రధాని కెవిన్ రడ్ పార్లమెంటులో నిలబడి తమ దేశపు ఆదివాసులకు క్షమాపణ చెప్పాడు. తల్లుల దగ్గర్నుంచి పిల్లల్ని లాక్కుపోయినందుకు చెప్పిన క్షమాపణ అది. ఆ సాయంత్రం మేం పత్రిక డెస్కు మీద ఉన్నాం. ఒకే వార్తను తెలుగులోనూ ఉర్దూలోనూ రాయాల్సిన పని మాది. తెలుగులో ఇబ్బంది రాలేదు, 'ఆదివాసులు' అని రాసేశాం. ఉర్దూ దగ్గరికొచ్చేసరికి కలం ఆగింది. 'ఖబాయిలీ' అంటే తెగలవాళ్ళు అవుతుంది. 'జంగ్లీ' అనడానికి నోరు రాదు. ఒకాయన 'అసల్ బాషిందే' అన్నాడు. అసలు నివాసులని అర్థం. పాత నగరపు పెద్దమనిషి ఒకాయన నవ్వి, "ముల్కీ అని రాయండి మియా, మనకు తెలిసిన మాటే కదా" అన్నాడు. అందరం నవ్వుకున్నాం. చివరికి 'అసల్ బాషిందే' అనే అచ్చయింది. కానీ పెద్దాయన నవ్వులాటకు అన్న ఆ మాట మమ్మల్ని వదల్లేదు.

ముల్క్ అంటే దేశం. దేశానికి చెందినవాడు ముల్కీ. చెందనివాడు గైర్ ముల్కీ. 1919 నాటి నిజాం ఫర్మానా ఈ మాటకు చట్టరూపం ఇచ్చింది. సర్కారీ నౌకరీలు ముల్కీలకే అన్నది. 1952లో ఈ మాట కోసమే హైదరాబాదు వీధుల్లో పిల్లలు తుపాకి గుళ్ళకు బలయ్యారు. మా తాతలు, తండ్రులు ఈ మాట చుట్టూ పోట్లాడినవాళ్ళే. అయితే ఈ ముల్కులో అందరికన్నా ముందునుంచీ ఉన్న గోండు, కొలాము, చెంచు ఈ తగవులో ఎక్కడున్నారని ఎవరూ అడగలేదు. మేమూ అడగలేదు.

ఇవాళ మమ్మల్ని గైర్ ముల్కీలనేవాళ్ళు వీధివీధినా ఉన్నారు. 'మీ దేశం వెళ్ళిపొండి' అన్న మాట వినకుండా పెరిగిన ముస్లిం పిల్లవాడు ఈ తరంలో అరుదు. కాబట్టి ఎవరు ఎక్కడివాళ్ళో తేల్చే అధికారం ఎవరిది, ఆ అధికారం ఎవరి చేతికి ఎలా వచ్చింది అన్నది మాకు పుస్తకాల్లోని ప్రశ్న కాదు. యూరపువాళ్ళు ఖండఖండాన మూలవాసులకు చేసిన పనిని ఈ ప్రశ్న చేతపట్టుకుని చదవాలన్నదే మా ప్రయత్నం.

గ్రనాడా నుంచి బయల్దేరిన ఓడ

యూరపు వలసల కథను అందరూ కొలంబస్‌తో మొదలుపెడతారు. మేం గ్రనాడాతో మొదలుపెడతాం. 1492 జనవరి 2న స్పెయిన్‌లోని ఆఖరి ముస్లిం రాజ్యం గ్రనాడా తాళంచెవులు ఫెర్డినాండ్, ఇసబెల్లా దంపతుల చేతికి వెళ్ళాయి. 711లో ముస్లింలు కూడా సైన్యంతోనే స్పెయిన్‌కు వచ్చారు. ఆ సంగతి మేం దాచం. కానీ 1492 నాటికి దాదాపు 8 శతాబ్దాలు గడిచాయి. అక్కడి ముస్లింలలో అత్యధికులు ఆ నేల మీదే తరతరాలుగా పుట్టి పెరిగినవాళ్ళు. లొంగుబాటుకు ముందు ఒడంబడిక రాసుకున్నారు. మసీదులు మసీదులుగానే ఉంటాయి, ముస్లింల తగవులు వాళ్ళ ఖాజీలే తీరుస్తారు, మతం మారమని ఎవరినీ బలవంతపెట్టరు అని అందులో ఉంది.

మార్చి 31న అదే రాజదంపతులు యూదులను దేశం విడిచిపొమ్మన్నారు. ఏప్రిల్ 17న, గ్రనాడా ముట్టడి కోసం కట్టిన సాంటా ఫే శిబిరంలోనే, కొలంబస్‌తో ఒప్పందం మీద సంతకాలయ్యాయి. అక్టోబరు 12న అతని ఓడలు కరీబియన్ దీవులకు చేరాయి. ఇదంతా ఒక్క ఏడాదిలో జరిగింది.

గ్రనాడా ఒడంబడిక పదేళ్ళు కూడా నిలవలేదు. 1499లో సిస్నెరోస్ అనే మతాధికారి వచ్చి మూకుమ్మడి బాప్తిస్మాలు మొదలుపెట్టాడు. అరబ్బీ గ్రంథాలను కుప్పపోసి తగలబెట్టించాడు. వైద్యగ్రంథాలను మాత్రం పక్కకు తీయించాడు. 1502కల్లా కాస్టీల్ రాజ్యంలో ముస్లిం అన్నవాడు మతమైనా మారాలి, ఊరైనా విడవాలి. మారినవాళ్ళను మొరిస్కోలన్నారు. మారినా వదల్లేదు. 1567 నాటి రాజశాసనం అరబ్బీ మాట్లాడడాన్ని, రాయడాన్ని, అరబ్బీ పేర్లను, వాళ్ళ దుస్తులను, హమ్మాములను నిషేధించింది. స్పానిష్ నేర్చుకోవడానికి మూడేళ్ళ గడువిచ్చింది. ఫ్రాన్సిస్కో నూన్యెజ్ ములే అనే ముసలి మొరిస్కో దీని మీద అర్జీ పెట్టుకున్నాడు. బట్టలు వేరు, మతం వేరు, తూర్పు దేశాల క్రైస్తవులు కూడా అరబ్బీయే మాట్లాడుతారు కదా అని వాదించాడు. ఆ అర్జీ బుట్టదాఖలైంది. 1609 నుంచి 1614 దాకా దాదాపు 3 లక్షల మొరిస్కోలను ఓడలెక్కించి దేశం దాటించారు.

ఈ పద్ధతులే అట్లాంటిక్ దాటాయి. మెక్సికోలో దిగిన కోర్తెస్ అక్కడి ఆలయాలను తన ఉత్తరాల్లో 'మసీదులు' అని రాశాడు. అతనికి తెలిసిన పరాయి గుడి మసీదొక్కటే మరి! గెలిచిన ఊళ్ళను, ఊళ్ళోని మనుషులతో సహా, సైనికులకు పంచిపెట్టే 'ఎన్‌కొమియెండా' పద్ధతి స్పెయిన్‌లో ముస్లింల నేలను గెలిచే రోజుల్లో పుట్టిందే. 1562లో యుకటాన్‌లోని మని అనే ఊళ్ళో డియెగో దె లాండా అనే మతగురువు మాయా ప్రజల గ్రంథాలను తగలబెట్టించాడు. ఇవాళ లోకం మొత్తం మీద నాలుగు మాయా గ్రంథాలు మిగిలాయి. గ్రనాడాలో కాలిన మంట 60 ఏళ్ళ తర్వాత మనిలో మళ్ళీ కాలిందన్నమాట.

ఒకే మోత, వేరువేరు దెబ్బలు

అయితే అన్ని ఖండాల కథా ఒకటే అనడం తప్పవుతుంది. దెబ్బ ఎలా పడిందన్నది మూడు సంగతుల మీద ఆధారపడింది. రోగం ఎవరిని చంపింది? వచ్చినవాడికి కావలసింది మనిషి చాకిరీనా, నేలా? మధ్యలో ఏదైనా ఒడంబడిక ఉందా, లేదా?

అమెరికాల్లో మశూచి, తట్టు లాంటి రోగాలు అంతకుముందు లేవు. అక్కడి జనానికి వాటిని తట్టుకునే శక్తి లేదు. 1520లో ఆజ్‌టెక్ రాజధానిలో మశూచి సోకి, వీరులు కత్తి దూయకముందే పడిపోయారు. ఆ తర్వాతి నూరేళ్ళలో చాలాచోట్ల పదింట తొమ్మిది మంది దాకా పోయారని అనేకమంది చరిత్రకారుల అంచనా. రోగం ఒక్కటే చంపలేదు. రోగం పడగొట్టినవాణ్ణి చాకిరీ లేవనివ్వలేదు. 1545లో పొటోసి కొండలో వెండి దొరికింది. 1570ల నుంచి చుట్టుపక్కల రాష్ట్రాల మగవాళ్ళలో ఏడింట ఒకరు ఏడాదికోసారి గనిలో వెట్టికి రావాలని శాసించారు. ఏటా దాదాపు 13 వేల మందిని అలా తోలుకెళ్ళేవాళ్ళు.

ఆఫ్రికాలోనూ మన దేశంలోనూ మశూచి పాతదే. పైగా మలేరియాకు యూరపువాళ్ళే రాలిపోయేవాళ్ళు. కాబట్టి ఎక్కువచోట్ల వాళ్ళు కొద్దిమందిగానే ఉండి, పన్నుతోనూ చాకిరీతోనూ పాలించారు. జనం నష్టపోయారు గానీ జనంగా మిగిలారు. వచ్చినవాడికి నేలే కావలసిన చోట మాత్రం ఆఫ్రికాలో కూడా అమెరికా కథే నడిచింది. ఇప్పటి నమీబియాలో హెరెరోల పచ్చికబయళ్ళు జర్మన్ వలసదారులకు కావలసివచ్చాయి. హెరెరోలు తిరగబడ్డారు. 1904 అక్టోబరులో జర్మన్ సేనాని ఫాన్ ట్రోతా హెరెరో అన్నవాణ్ణి కనిపిస్తే కాల్చమని ఆజ్ఞ ఇచ్చాడు. జనాన్ని నీళ్ళులేని ఎడారిలోకి తరిమారు. 1908 నాటికి హెరెరోల్లో అత్యధికులు, నామాల్లో సగం దాకా పోయారని అంచనా. దాన్ని జాతిహత్యగా జర్మనీ అధికారికంగా ఒప్పుకోవడానికి 2021 దాకా పట్టింది.

తర్జుమాలో పోయిన దేశం

ఇక ఒడంబడికల సంగతి. తర్జుమా మీద బతికేవాళ్ళం కాబట్టి ఇది మమ్మల్ని ఎక్కువగా తాకింది.

1513లో స్పెయిన్ ఒక ప్రకటన తయారుచేసింది. దాని పేరు 'రెకెరిమియెంటో'. ఈ భూములను పోపు మా రాజుకిచ్చాడు, మీరు లొంగండి, లొంగకపోతే జరిగే చావులకు మీరే బాధ్యులు అని దాని సారాంశం. యుద్ధానికి ముందు దీన్ని మూలవాసులకు చదివి వినిపించాలి. స్పానిష్‌లో చదివేవాళ్ళు. కొన్నిసార్లు జనం పారిపోయిన ఖాళీ ఊళ్ళకు, కొన్నిసార్లు ఓడ మీదనుంచి ఒడ్డుకు చదివేవాళ్ళు. చదివామని నోటరీ చేత రాయించుకునేవాళ్ళు.

న్యూజిలాండ్‌లో కథ ఇంకొంచెం మర్యాదగా నడిచింది. 1840 ఫిబ్రవరిలో వైటాంగిలో మావోరీ పెద్దలతో బ్రిటిష్‌వాళ్ళు ఒడంబడిక చేసుకున్నారు. ఇంగ్లీషు ప్రతిని హెన్రీ విలియమ్స్ అనే మిషనరీ కొడుకు సాయంతో ఒక్క రాత్రిలో మావోరీలోకి తిప్పాడు. ఇంగ్లీషు ప్రతిలో మావోరీలు సార్వభౌమత్వాన్ని రాణికి ధారాదత్తం చేశారు. మావోరీ ప్రతిలో ఆ చోట 'కావనతంగ' అన్న మాట ఉంది. గవర్నరు అన్న ఇంగ్లీషు మాటకు మావోరీ తొడుగు వేస్తే వచ్చిన మాట అది. గవర్నరు వచ్చి పరిపాలన చూసుకుంటాడు, అంతే. తమ భూముల మీద, ఊళ్ళ మీద, విలువైన వాటన్నిటి మీద పెద్దల అధికారం పెద్దలదేనని అదే మావోరీ ప్రతి హామీ ఇచ్చింది. 500 మందికి పైగా పెద్దలు గుర్తులు పెట్టారు. వాళ్ళలో అత్యధికులు పెట్టింది మావోరీ ప్రతి మీదే. అమలైంది ఇంగ్లీషు ప్రతి. 1863 చట్టంతో తిరగబడ్డవాళ్ళ నేలంటూ 30 లక్షల ఎకరాలకు పైగా జప్తు చేశారు. ఒక్క రాత్రి తర్జుమా ఎంత పని చేస్తుందో డెస్కు మీద కూర్చున్నవాడికి వేరే చెప్పక్కర్లేదు.

అమెరికాలోని చెరొకీల గోడు ఇంకో రకం. తెల్లవాళ్ళు నాగరికత అని దేన్ని పిలిచారో దాన్నంతా వాళ్ళు చేసి చూపించారు. 1821 నాటికి సెక్వోయా అనే ఆయన చెరొకీ భాషకు లిపి కట్టాడు. 1827లో రాజ్యాంగం రాసుకున్నారు. 1828లో 'చెరొకీ ఫీనిక్స్' అనే పత్రిక పెట్టారు. అది చెరొకీలోనూ ఇంగ్లీషులోనూ వచ్చిన ద్విభాషా పత్రిక. మా వృత్తిలో మాకు పెద్దన్నలు వాళ్ళు! 1832లో సుప్రీంకోర్టులో తీర్పు కూడా చెరొకీల వైపే వచ్చింది. ఏం లాభం? 1835లో జార్జియా రాష్ట్ర సైనికులు వచ్చి అచ్చుయంత్రాన్ని ఎత్తుకుపోయారు. 1838-39లో దాదాపు 16 వేల మందిని పశ్చిమానికి తోలితే 4 వేల మంది దాకా పోయారు. ఇంకో సంగతి కూడా చెప్పాలి. అలా తోలబడినవాళ్ళలో కొందరు చెరొకీ ధనికులకు నల్ల బానిసలున్నారు. ఆ బానిసలూ వాళ్ళతోపాటే ఆ దారిన నడిచారు. దెబ్బ తిన్నవాడి చేతిలో ఇంకొకడి మీద ఎత్తిన కొరడా ఉండొచ్చు. ఈ మాటను పాఠకులు గుర్తుంచుకోవాలి. దీనితో మాకు ముందుముందు పనుంది.

ఆస్ట్రేలియాలో అసలు ఒడంబడికే లేదు. 1835లో గవర్నరు బర్క్ ప్రకటనతో ఆదివాసులు తమ భూమిని అమ్మడానికి గానీ ఇవ్వడానికి గానీ హక్కులేనివాళ్ళయ్యారు. నేల ఎవరిదీ కాదు, కాబట్టి రాజుది. వేల ఏళ్ళుగా ఆ నేల మీద బతికిన మనుషులు కాగితంలో లేరు. ఎడ్డీ మాబో అనే టోరెస్ జలసంధి ద్వీపవాసి, ఆయన తోటివాళ్ళు వేసిన దావాలో 1992 జూన్ 3న హైకోర్టు ఆ అబద్ధాన్ని కొట్టేసింది. తీర్పు వినడానికి మాబో లేడు. ఆ జనవరిలోనే చనిపోయాడు.

తేడా ఏమిటో చూడండి. వైటాంగి కాగితం మోసపు కాగితమే. అయినా అది ఉంది కాబట్టి 1975లో దాని పేరుతోనే ఒక ట్రిబ్యునల్ వచ్చింది. మావోరీ ప్రతిని చేతపట్టుకుని మనవలు వాదించగలిగారు. భాష కూడా ఒడంబడిక కాపాడాల్సిన సొత్తేనని ఆ ట్రిబ్యునల్ 1986లో చెప్పింది. 1987లో మావోరీ అధికార భాష అయింది. ఆ కాగితం కూడా లేని ఆస్ట్రేలియాలో మొదటి మెట్టు ఎక్కడానికే 1992 దాకా పట్టింది. 2023 అక్టోబరు 14న, ఆదివాసుల సలహామండలికి రాజ్యాంగంలో చోటివ్వాలా అని అడిగితే ఆ దేశపు ఓటర్లలో ఎక్కువమంది వద్దన్నారు.

పేరూ, జుబానూ

నేల పోయాక మిగిలేవి పేరు, జుబాన్, పిల్లలు. రాజ్యం వాటి మీదా చెయ్యేసింది.

అమెరికాలో 1879లో కార్లైల్ బడి తెరిచారు. తెగల పిల్లలను దూరదూరాల నుంచి తెచ్చి, జుట్టు కత్తిరించి, ఇంగ్లీషు పేరు పెట్టి, సొంత భాష మాట్లాడితే శిక్షించేవాళ్ళు. కెనడాలో ఇలాంటి రెసిడెన్షియల్ బడుల గుండా దాదాపు లక్షన్నర మంది పిల్లలు వెళ్ళారు. అక్కడి సత్యశోధన సంఘం 2015లో దీనికి సాంస్కృతిక జాతిహత్య అని పేరు పెట్టింది. ఆస్ట్రేలియాలో 1910-1970 మధ్య, ఆదివాసీ పిల్లల్లో పదిమందిలో ఒకరి నుంచి ముగ్గురిలో ఒకరి దాకా తల్లిదండ్రులకు దూరమయ్యారని 1997 నాటి విచారణ నివేదిక చెప్పింది. టాస్మానియాలో 1876లో చనిపోయిన ట్రుగనీనిని 'ఆఖరి మనిషి' అని ప్రకటించి, ఆమె వద్దని వేడుకున్నా ఎముకల గూడును మ్యూజియంలో నిలబెట్టారు. ఆ ద్వీపపు ఆదివాసుల వారసులు ఇవాళ్టికీ ఉన్నారు. మేం బతికే ఉన్నాం అని రుజువు చేసుకోవడమే వాళ్ళకొక ఉద్యమమైంది.

అల్జీరియా కథ మాకు ఇంకా దగ్గరది. ఫ్రెంచివాళ్ళ చట్టంలో 'ఎండిజెన్', అంటే స్థానికుడు, అన్న మాటకు ఆచరణలో ముస్లిం అనే అర్థం. 1865 చట్టం ప్రకారం అతను ఫ్రాన్సు ప్రజే, కానీ పౌరుడు కాడు. పౌరుడు కావాలంటే తన ముస్లిం పర్సనల్ లాను వదులుకోవాలి. 1882 చట్టంతో కుటుంబాలకు ఇంటిపేర్లు నమోదు చేశారు. ఫలానావాడి కొడుకు ఫలానా అని వంశం చెప్పుకునే మనిషికి రిజిస్టరులో ఒక కొత్త ఇంటిపేరు పడింది. 1938లో ఒక ఉత్తర్వు అరబ్బీని అక్కడ విదేశీ భాషగా లెక్కగట్టింది. సొంత నేల మీద సొంత భాష విదేశీ!

పేర్ల దగ్గరికొచ్చాం కాబట్టి ఒక మాట. కొలంబస్ దారి తప్పి, మన దేశం పేరును అమెరికా మూలవాసులకు అంటించాడు. ఐదు వందల ఏళ్ళుగా వాళ్ళు ఇండియన్లు. మరి మమ్మల్ని తెలుగులో ఏమన్నారు? తురకలన్నారు. టర్కీ ఎక్కడుందో మా నానీకి తెలియదు. ఆమె పుట్టిందీ, పోయిందీ కృష్ణ ఒడ్డునే. దూదేకుల సాయిబుల ఇళ్ళల్లో మాట్లాడేది తెలుగే. అయినా పిలిచే పేరులోనే 'బయటివాడు' అన్న ముద్ర ఉంది. పేరు ఎంత పని చేస్తుందో మూలవాసులకు ఎవరూ నేర్పనక్కర్లేదు, మాకూ నేర్పనక్కర్లేదు.

ఒడ్డున చింతచెట్లు

సముద్రం దాటి వచ్చినవాడల్లా నేల కాజేశాడా? లేదు. ఆస్ట్రేలియా ఉత్తర తీరాన ఆర్నెమ్ లాండ్‌కు, కనీసం 18వ శతాబ్దం నుంచీ, ఇండోనేషియాలోని మకస్సార్ నుంచి నావికులు ఏటా వచ్చేవాళ్ళు. వాళ్ళు ముస్లింలు. చీనావాళ్ళు ఇష్టంగా తినే ట్రెపాంగ్ అనే సముద్రజీవిని పట్టి, ఉడికించి, ఎండబెట్టి పట్టుకుపోయేవాళ్ళు. డిసెంబరు గాలికి వచ్చి, గాలి మళ్ళగానే తిరిగిపోయేవాళ్ళు. అక్కడి యోల్ంగు ప్రజలకు బట్ట, పొగాకు, ఇనుము ఇచ్చేవాళ్ళు. తగవులు జరగలేదని కాదు. కానీ నేల మీద కంచె వెయ్యలేదు. 1906-07లో అక్కడి తెల్ల ప్రభుత్వం లైసెన్సులు ఆపేసి ఆ రాకపోకలను తెంచింది. ఇప్పటికీ ఆ తీరాన వాళ్ళు వదిలిన చింతచెట్లున్నాయి. యోల్ంగు భాషలో డబ్బును 'రుపియా' అంటారు. మన రూపాయే!

ఇది చదివి మేం మురిసిపోయాం. చూశారా, మావాళ్ళు ఎంత మంచివాళ్ళో అనుకున్నాం. ఆ మురిపెం జోడేఘాట్ దాకా నిలవలేదు.

మా ఇలాకా

తెలుగు నేల మీద బ్రిటిష్‌వాళ్ళ పని తెలిసిందే. 1879లో గోదావరి ఏజెన్సీలో రంప తిరగబడింది. కల్లుగీత మీద పన్ను, పోడు మీద ఆంక్ష, పోలీసుల జులుం దానికి కారణాలు. 1882 మద్రాసు అటవీ చట్టం అడవిని సర్కారు పేర రాసుకుంది. 1922-24లో అల్లూరి సీతారామరాజు వెంట నడిచిన మన్యం జనాన్ని మండించింది పోడు నిషేధమూ, రోడ్డు పనుల వెట్టీ. ఎరుకలవాళ్ళు గాడిదల మీద, ఎద్దుల మీద ఉప్పూ ధాన్యమూ మోసి అమ్ముకునేవాళ్ళు. రైళ్ళూ, ఉప్పు మీది సర్కారు పెత్తనమూ ఆ బతుకు తీసేశాయి. 1871లో పుట్టిన నేరస్త జాతుల చట్టం 1911లో మద్రాసు రాష్ట్రానికీ వచ్చి వాళ్ళను పుట్టుకతోనే దొంగలని రాసింది. బాపట్ల దగ్గర స్టూవర్టుపురం అలా వెలసిన సెటిల్‌మెంటే. చట్టం 1952లో పోయింది. ముద్ర పోలేదు.

మరి నిజాం ఇలాకాలో? అక్కడ పాలకుడు మా మతస్థుడు. ఆ రోజుల గురించి మా ఇళ్ళల్లో విన్నవన్నీ మంచి మాటలే. 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం, ఉర్దూలో వైద్యం, ఉర్దూలో ఇంజనీరింగు, లోకంలోని శాస్త్రాలన్నిటినీ ఉర్దూలోకి తెచ్చిన దారుల్ తర్జుమా... తర్జుమా పనివాళ్ళం కనక ఆ పేరు వింటే మా ఛాతీ ఉప్పొంగుతుంది. అదే రాజ్యంలో, అవే రోజుల్లో, ఆదిలాబాదు అడవుల్లో ఏం జరిగింది? బ్రిటిష్ ఇండియా నమూనాలోనే అటవీశాఖ వచ్చింది. గోండు దున్నుకునే నేల రిజర్వు అడవి అయింది. మిగిలిన నేలకు పట్టాలు బయటినుంచి వచ్చినవాళ్ళ పేర పడ్డాయి. వాళ్ళలో అన్ని మతాలవాళ్ళూ ఉన్నారు. కానీ సర్కారీ జుబాన్ ఉర్దూ. కొమురం భీము కథ చెప్పేవాళ్ళంతా తప్పకుండా చెప్పే పేరొకటుంది, సిద్దిఖ్ సాబ్. భీము కుటుంబం సాగుచేసిన నేల తనదని వచ్చిన మనిషి. అది మా పేరు. భీము అడిగింది జల్, జంగల్, జమీన్. పన్నెండు గూడేలు ఆయన వెనక నిలబడ్డాయి. 1940లో జోడేఘాట్‌లో నిజాం పోలీసులు ఆయన్ని కాల్చి చంపారు.

వైటాంగిలో మావోరీ చేతికి ఇంగ్లీషు కాగితం ఎలా చేరిందో, జోడేఘాట్ అడవుల్లో గోండుకు ఉర్దూ కాగితం అలాగే చేరింది. మేం ఏ జుబాన్ పోయిందని ఇవాళ కన్నీళ్ళు పెట్టుకుంటున్నామో, ఆ జుబాన్ ఒక గోండు తల్లికి అర్థంకాని హుకుం. ఇది రాస్తున్నప్పుడు మా చెయ్యి వణికింది. అయినా రాయక తప్పదు.

భీము పోయాక నిజాం సర్కారుకు కొంత కళ్ళు తెరుచుకున్నాయి. హైమన్‌డార్ఫ్ అనే ఆస్ట్రియా మానవశాస్త్రవేత్తను పిలిపించి గోండుల సంగతి తెలుసుకోమంది. భూములకు కొన్ని పట్టాలిచ్చారు. 1943లో మార్లవాయిలో గోండు ఉపాధ్యాయులకు శిక్షణ మొదలైంది, గోండీలో వాచకాలు తయారయ్యాయి. 1948లో రాజ్యం పోయింది. అప్పుడు మా మీద పడ్డది వేరే కథ. సర్కారీ జుబాన్‌గా ఉర్దూ పోయింది. ఆ గోండీ చదువులూ నిలవలేదు. ఏలిన జుబానూ, ఏలబడిన జుబానూ రెండూ పోయాయి. ఉర్దూకు కవులున్నారు, పత్రికలున్నాయి, ముషాయిరాలున్నాయి. గోండీ పోతే ఏడ్చిందెవరు?

అందరూ ముల్కీలేనట!

2007 సెప్టెంబరు 13న ఐక్యరాజ్యసమితిలో మూలవాసుల హక్కుల ప్రకటన ఓటుకు వచ్చింది. 144 దేశాలు ఔనన్నాయి. కాదన్నవి నాలుగే. అమెరికా, కెనడా, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్. ఎవరి గురించి ఇంతసేపు మాట్లాడుకున్నామో వాళ్ళే! తర్వాతి ఏళ్ళలో నలుగురూ మాట మార్చుకుని మద్దతు పలికారు. మన దేశం అప్పుడే ఔనంది. కానీ మన సర్కారు మాట ఏమిటంటే, స్వాతంత్ర్యం నాటికి ఈ దేశంలో ఉన్నవాళ్ళూ, వాళ్ళ వారసులూ అందరూ మూలవాసులేనని.

వినడానికి బాగుంది. ఈ లెక్కన మేమూ ముల్కీలమే. మరి వీధిలో 'మీ దేశం పొండి' అనేవాడికి ఈ మాట ఎవరు చెప్పాలి? అందరూ మూలవాసులే అన్నాక, గోండుకు తన అడవి మీద ప్రత్యేకంగా అడిగే హక్కేం మిగిలింది? ఒకే వాక్యం గోండు చేతిలోంచి హక్కు తీసుకుంటుంది, మా చేతిలో ఏమీ పెట్టదు. ఆదివాసికి ఏదైనా దక్కిందంటే తన పోరాటం వల్లనే. 1970లోని 1/70 చట్టం, గిరిజన భూములను ప్రైవేటు గనులకు లీజుకివ్వడం కుదరదన్న 1997 సమత తీర్పు, 2006 అటవీ హక్కుల చట్టం అలా వచ్చినవే.

మా బాధా, హెరెరో బాధా ఒకటేనని మేం అనం. పొటోసి గనిలో కూలిన మనిషితో మమ్మల్ని పోల్చుకోవడం సిగ్గుచేటు. మేం ఈ నేల బిడ్డలం, అంతే. అందరికన్నా ముందు వచ్చినవాళ్ళం అన్న దావా మాకు అక్కర్లేదు. ముందు వచ్చినవాడికే హక్కు అన్న వాదం ఇవాళ మమ్మల్ని తరమడానికి వాడే కర్రే. దాన్నే మేం పట్టుకుంటే ఎలా? మేం అడిగేది వేరు. ఎవరు ఎక్కడివాళ్ళో తేల్చే కాగితాన్ని, వాళ్ళకు తెలియని భాషలో, వాళ్ళు లేని చోట కూర్చుని ఎవరూ రాయకూడదు. గ్రనాడాలో రాయకూడదు, వైటాంగిలో రాయకూడదు, హైదరాబాదులోనూ రాయకూడదు. ఆ కాగితం మావాళ్ళు రాసినా తప్పే.

మా పహచాన్ మేమే చెప్పుకుంటాం అంటూ ఈ సంకలనంలో ఇందరం కలం పట్టాం. మంచిది. కానీ ఆ మాట గట్టిగా అనాలంటే, జోడేఘాట్ పేజీని మా చరిత్రలోంచి చింపెయ్యకుండా చదవాలి. మా పిల్లలకు కార్డోబా మసీదు కథ చెప్పేటప్పుడు, నిజాం సొగసులు చెప్పేటప్పుడు, భీము కథ కూడా మా నోటితోనే చెప్పాలి. ఎవరో వచ్చి మా మీద రాయి విసరడానికి చెప్పేదాకా ఆగకూడదు.

ఆ రోజు డెస్కు మీద మేమందరం మాట కోసం నిఘంటువులు తిరగేశాం. తర్వాతెప్పుడో తెలిసింది. మావోరీ అంటే వాళ్ళ భాషలో మామూలు మనిషని అర్థమట. గోండులు తమను తాము కోయితూర్ అని పిలుచుకుంటారట. ఆ మాట మాకు మూడొందల కిలోమీటర్ల దూరంలోనే ఉంది. మేం నిఘంటువులో వెతికాం గానీ, వాళ్ళను అడగలేదు.